కడప బంగళాలోని భాషాశాల

1800లో నిజాము కుంఫిణీవారికి ధారాదత్తము చేసిన దత్తమండలములు 1808లో బళ్లారి, కడప జిల్లాలుగా విడివడినపుడు, ఆదవాని సీమతోపాటు మా ఆస్పరి ప్రాంతము బళ్లారి పాలబడెను. తెలుగు కన్నడములు ఒకే సంతలో వినవచ్చు ఈ సరిహద్దున కచ్చేరీ లెక్కలు మరాఠీలో నడచుచుండగా, తెలుగు గ్రంథములకు ఏలినవారి యాదరణ ఏపాటియో ఊహింపవచ్చును. రెండవ భాగమైన కడపకు 1820లో ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను కలెక్టరునకు సహాయకుడై వచ్చెను.

సర్కారు భాషాసంస్థ అప్పటికే లేకపోలేదు. ఎల్లిసు దొర పూనికతో 1812లో మదరాసున వెలసిన సెంటు జార్జి కోట కళాశాల పండితులకు జీతములొసగినది, 1816లో క్యాంబెలు వ్యాకరణమును ప్రకటించినది. బ్రౌను తెలుగు ఓనమాలు దిద్దినదియు అందే. అయితే దొరలను పరీక్షలకు సిద్ధపరచుట దాని ముఖ్యోద్దేశము. జీర్ణించుచున్న తాళపత్రములను వెదకి పాఠములను సరిపోల్చుట కాదు.

ఆ పనిని బ్రౌను తన జీతముపై మోపుకొనెను. కడపలో బంగళా కొని, అందు పండితులను, వ్రాయసగాండ్రను నిలిపి, ఊరూర నుండి ప్రతులు తెప్పించి, పాఠాంతరములు గుర్తింపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. జనులు దానిని బ్రౌను కాలేజీ యనిరి. ఈ వ్యవహారమునకెల్ల నిర్వాహకుడు అయోధ్యాపురము కృష్ణారెడ్డి. పండితుల విద్వత్తును కొనియాడు మనము, వారికి నెలజీతమును, కాగితమును వేళకు అందించినవానిని తలపము; ఇది మన సాహిత్యచరిత్రకారుల పాత అలవాటు.

1829లో వేమన పద్యములు అచ్చుపడినవి. కాని ఒక్క ఉద్యోగి జీతమే మూలధనమైనచోట ఆతని కొలువునకు వచ్చిన చిక్కు శాలకును చిక్కే: 1834లో కొలువునకు భంగము కలిగి, అప్పులు మీదపడి, బ్రౌను ఇంగ్లండునకు పోవలసివచ్చెను. పిదప మరలివచ్చి మదరాసున పని సాగించి, 1852లో నిఘంటువును వెలువరించెను. ఖజానా అండగల కోట కళాశాల మరి రెండేండ్లకే మూతపడుటను చూడగా, సర్కారు సొమ్మునందు స్థిరత్వము కలదని నేననజాలను.

శిథిలమైన ఆ కడప బంగళా తావున జానుమద్ది హనుమచ్ఛాస్త్రి విరాళములు కూడగట్టి బ్రౌను పేర గ్రంథాలయము నెలకొల్పిరి. కట్టడమునకు చందా పుట్టినట్లు, ఏటేట పుస్తకముల దుమ్ము దులుపువాని జీతమునకు పుట్టదు. 2006లో ఆ గ్రంథాలయము యోగివేమన విశ్వవిద్యాలయమునకు సంక్రమించి భాషాపరిశోధన కేంద్రమైనది. కడప జిల్లా కైఫియత్తుల సంపుటములు అచటనుండియే వెలువడినవి.