పేలని తూటాతోనే అసలు ప్రమాదం.. తుపాకీ మొరాయిస్తే ఏం చేయాలి?

తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి ఎవరైనా గాయపడితే మన పత్రికలు, టీవీలు ‘గన్ మిస్‌ఫైర్’ అని రాస్తాయి. నిజానికి ఆ మాటకు అర్థం వేరు. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోవడాన్నే మిస్‌ఫైర్ అంటారు. అనుకోకుండా పేలితే అది పొరపాటు కాల్పు. ఈ తేడా తెలియకపోవడం వల్ల జనంలో ఒక అపోహ ఉండిపోయింది. తుపాకీ పేలితేనే ప్రమాదం, పేలకపోతే గండం గడిచినట్టే అనుకుంటారు. కానీ చాలా ప్రమాదాలకు మూలం అంతకుముందు సరిగా పేలని తూటాలోనే ఉంటుంది.

తూటాలో ఏముంటుంది?

ఉర్దూలో కార్తూస్ అని పిలిచే తూటాలో నాలుగు భాగాలుంటాయి. బయట కనిపించే ఇత్తడి లేదా ప్లాస్టిక్ ఖోకా, దాని అడుగున చిన్న బిళ్లలా ఉండే ప్రైమర్, లోపల మందు, ముందు భాగంలో బుల్లెట్ లేదా గుళ్లు. ట్రిగ్గర్ నొక్కగానే సూది ప్రైమర్‌ను కొడుతుంది. ప్రైమర్ నిప్పు రవ్వ పుట్టిస్తుంది, దాంతో మందు అంటుకుని గ్యాస్‌గా మారుతుంది. ఆ ఒత్తిడికే బుల్లెట్ దూసుకుపోతుంది.

ఆ ఒత్తిడి మామూలుది కాదు. కారు టైరులో గాలి దాదాపు 32 పీఎస్ఐ ఉంటుంది. 9 ఎంఎం పిస్తోలు తూటాకు అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి 35,000 పీఎస్ఐ. అంటే టైరు కంటే వెయ్యి రెట్లు ఎక్కువ. రైఫిల్ తూటాల్లో ఇది 60,000 కూడా దాటుతుంది. గొట్టం ఖాళీగా ఉంటేనే ఈ ఒత్తిడికి ముందుకు దారి దొరుకుతుంది. దారి మూసుకుపోతే గొట్టం చీలుతుంది, కాల్చేవాడి చేతులకూ కళ్లకూ ముప్పు వస్తుంది.

మూడు రకాల మొరాయింపు

మొదటిది మిస్‌ఫైర్. ‘టక్’మని చప్పుడు వస్తుంది, అంతే. తూటా పాతబడినా, చెమ్మ తగిలినా, సూది బలంగా కొట్టకపోయినా ఇలా జరుగుతుంది.

రెండోది హ్యాంగ్‌ఫైర్. నిప్పు అంటుకుంటుంది గానీ ఆలస్యంగా. సాధారణంగా ఆ ఆలస్యం సెకను లోపే ఉంటుంది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పట్టొచ్చు. మొదటి క్షణాల్లో ఇది మిస్‌ఫైరో హ్యాంగ్‌ఫైరో ఎవరూ చెప్పలేరు. అందుకే తూటా పేలలేదని వెంటనే తుపాకీ తెరిచి చూడటం పెద్ద తప్పు. తెరిచిన తర్వాత పేలితే ఖోకా ముక్కలు మొహం మీదికే వస్తాయి. గొట్టాన్ని మనుషులు లేని వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి. నాటు తుపాకీలాంటి ముందు నుంచి మందు దట్టించే వాటికైతే కనీసం ఒక నిమిషం ఆగాలి. ఆ తర్వాతే మొహం పక్కకు పెట్టి తెరిచి తూటా తీయాలి. తీసిన తూటాను మళ్లీ వాడకూడదు.

మూడోది స్క్విబ్. ఎక్కువ మందిని మోసం చేసేది ఇదే. ఇందులో తూటా పేలుతుంది, కానీ చప్పుడు చిన్నగా వస్తుంది, భుజానికి తగిలే తన్ను కూడా తక్కువగా ఉంటుంది. మందు లేకపోవడమో, సరిపోకపోవడమో దీనికి కారణం. ప్రైమర్ బలం ఒక్కటే బుల్లెట్‌ను గొట్టంలోకి నెట్టగలదు, బయటికి పంపలేదు. బుల్లెట్ మధ్యలో ఇరుక్కుంటుంది. వెనకాలే ఇంకో తూటా కాలిస్తే గొట్టం పగులుతుంది. చప్పుడులో తేడా వినిపిస్తే అక్కడికక్కడ ఆపేయాలి. తూటాలన్నీ తీసేసి, వెనక వైపు నుంచి చూసి గొట్టంలో వెలుతురు కనిపిస్తోందో లేదో గమనించాలి. ఇరుక్కున్న బుల్లెట్‌ను ఇంకో తూటాతో బయటికి కొడదామని ఎప్పుడూ అనుకోకూడదు. అది ఆయుధాల మెకానిక్ పని.

బ్రూస్‌లీ కొడుకు ప్రాణం తీసింది ఇదే

బ్రూస్‌లీ కుమారుడు బ్రాండన్ లీ 1993 మార్చి 31న అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం విల్మింగ్టన్‌లో చనిపోయాడు. అప్పటికి అతడి వయసు 28 ఏళ్లు. ‘ద క్రో’ సినిమా షూటింగ్‌లో తోటి నటుడు పేల్చిన .44 మ్యాగ్నం రివాల్వర్ అతడిని బలి తీసుకుంది.

కెమెరాకు దగ్గరగా చూపించడానికి ఉత్తుత్తి తూటాలు కావలసి వచ్చాయి. అసలు తూటాల నుంచి బుల్లెట్ ఊడదీసి, మందు పారబోసి, బుల్లెట్‌ను మళ్లీ బిగించారు. ప్రైమర్‌ను మాత్రం అలాగే వదిలేశారు. ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఆ ప్రైమర్ పేలి బుల్లెట్‌ను గొట్టంలోకి నెట్టింది. అంటే అది స్క్విబ్. దాన్ని ఎవరూ గమనించలేదు. తర్వాత అదే రివాల్వర్‌లో మందు మాత్రమే ఉండే బ్లాంక్ తూటా పెట్టి కాల్చారు. ఇరుక్కున్న బుల్లెట్ అసలు తూటాలాగే దూసుకొచ్చి అతడి కడుపులో దిగింది. గొట్టంలోకి ఒక్కసారి చూసి ఉంటే ఆ ప్రాణం నిలిచేది.

చేత్తో తూటాలు నింపడం

అమెరికాలో చాలామంది వేటగాళ్లు, షూటింగ్ క్రీడాకారులు వాడేసిన ఖోకాల్లో కొత్త ప్రైమర్, మందు, బుల్లెట్ పెట్టి మళ్లీ వాడుకుంటారు. దీన్ని హ్యాండ్‌లోడింగ్ అంటారు. సొంత వాడకానికి అక్కడ ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మితేనే కావాలి. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లలో షూటింగ్ సరదా ఉన్నవారికీ ఇది పరిచయమే.

ఇందులో జరిగే తప్పులు ముఖ్యంగా రెండు. ఒక ఖోకాలో మందు వేయడం మరిచిపోతే స్క్విబ్. ఒకే ఖోకాలో రెండుసార్లు పోస్తే తుపాకీయే పగలొచ్చు. అందుకే అనుభవం ఉన్నవారు కొన్ని పద్ధతులు తప్పకుండా పాటిస్తారు:

- బల్ల మీద ఒకసారికి ఒకే రకం మందు డబ్బా ఉండాలి. రెండు రకాల మందు కలపకూడదు, పేరు లేని డబ్బాలోది వాడకూడదు.
- మందు, బుల్లెట్ తయారీదారులు ప్రచురించిన కొలతల పుస్తకాన్నే నమ్మాలి. స్నేహితుడు చెప్పిన కొలతను నమ్మకూడదు. మొదలుపెట్టేది కింది కొలతతోనే.
- బుల్లెట్ బిగించే ముందు ప్రతి ఖోకాలోకీ లైటు వేసి చూడాలి. అన్నింటిలోనూ మందు ఒకే మట్టంలో ఉండాలి.
- పగులు కనిపించిన ఖోకాను పారేయాలి. బుల్లెట్‌ను చెప్పిన లోతు కంటే లోపలికి దించితే ఒత్తిడి పెరుగుతుంది.
- ఫోను, టీవీ, సిగరెట్ పక్కన పెట్టాలి. కళ్లద్దాలు పెట్టుకోవాలి. సీసం విషం కాబట్టి పని అయ్యాక చేతులు కడుక్కోవాలి, పిల్లలను దగ్గరికి రానీయకూడదు.

నల్లమందుతో వాడే పాత తుపాకుల్లో ఇప్పటి పొగరాని మందు వేయడం ప్రాణాంతకం. చూడటానికి రెండూ మందే అయినా ఒత్తిడిలో పోలికే లేదు.

మన దేశంలో చట్టం ఏమంటోంది?

అమెరికా పద్ధతి ఇక్కడ కుదరదు. 1959 ఆయుధాల చట్టంలో తుపాకీ దగ్గర ఉంచుకోవడానికి సెక్షన్ 3, తయారీకి సెక్షన్ 5 వేర్వేరుగా ఉన్నాయి. ఇంట్లో తుపాకీకి లైసెన్సు ఉంది కదా అని తూటాలు తయారు చేసుకునే హక్కు రాదు. తూటా భాగాలు, తూటాలు తయారుచేసే యంత్రాలు కూడా చట్టం దృష్టిలో మందుగుండు కిందికే వస్తాయి. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా తయారు చేస్తే కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవ శిక్ష పడొచ్చు. ఊళ్లలో అడవి పందుల కోసం నాటు తుపాకులు చేయించుకునేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

డబుల్ బ్యారెల్ ఉన్నవారికి ఇంకో హెచ్చరిక. 20 బోర్ తూటాను 12 బోర్ తుపాకీలో పెడితే అది జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. పైకి ఖాళీగానే కనిపిస్తుంది. దాని వెనక 12 బోర్ తూటా పెట్టి కాలిస్తే గొట్టం పేలిపోతుంది. ఈ ప్రమాదం వల్లే అమెరికాలో 20 బోర్ తూటాలకు పసుపు రంగు వేస్తారు. రెండు రకాల తూటాలు ఒకే సంచిలో ఉంచకూడదు.

పిస్తోలు శుభ్రం చేసేవారు వరుస తప్పకూడదు. ముందు మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ లాగి లోపలున్న తూటాను బయటికి తీయాలి. స్లైడ్ ముందు లాగితే ఒక తూటా బయటికి వచ్చి, మ్యాగజైన్ నుంచి ఇంకోటి లోపలికి వెళ్తుంది. తర్వాత మ్యాగజైన్ తీసినా ఆ తూటా అక్కడే ఉంటుంది. ఖాళీ అనుకున్న పిస్తోలు పేలడానికి ఇదొక ముఖ్య కారణం.

తాత, ముత్తాతల నాటి వేట తుపాకులు, బీరువాలో మూలన పడ్డ పాత తూటాలు ఉన్న కుటుంబాలు వాటిని పరీక్షించి చూద్దామని కాల్చకూడదు. లైసెన్సుదారు చనిపోతే వారసులు ఆలస్యం చేయకుండా ఆయుధాన్ని, తూటాలను పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర గానీ అప్పగించాలని సెక్షన్ 21 చెబుతోంది. తుపాకీని తమ పేరిట ఉంచుకోవాలనుకుంటే హైదరాబాద్‌లో పోలీస్ కమిషనర్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. అప్పగించేటప్పుడు రసీదు తీసుకోవడం మరవొద్దు.