మండల కేంద్రం స్లాబులు, ఎండ లెక్క

సర్కారు భవనాల మీద ఎంత సౌర విద్యుత్తు తీయవచ్చో అంచనా వేసేటప్పుడు ముందుగా కప్పుల వైశాల్యం కొలుస్తారు. మెదక్ జిల్లా అల్లాదుర్గ్ లాంటి మండల కేంద్రానికి ఆ ఒక్క కొలత చాలదు. కప్పు ఎప్పటిది, దేనికోసం కట్టారు అన్నది తెలియాలి. ముందు ఈ ఊళ్లకు కరెంటు ఎలా వచ్చిందో చూద్దాం. నిజాం కాలంలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున పెట్టిన థర్మల్ కేంద్రం వెలుగు రాజధానికే పరిమితం. 1959లో రాష్ట్ర విద్యుత్తు బోర్డు ఏర్పడ్డాక గానీ పల్లెలకు తీగలు లాగే పని ఊపందుకోలేదు. అప్పటినుంచీ మెతుకుసీమ (మెదక్ ప్రాంతం) ఊళ్లకు కరెంటంటే ఎక్కడో పుట్టి ఇక్కడికి వచ్చేదే. ఇక కప్పుల సంగతి. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం మండల వ్యవస్థ తెచ్చింది. పెంకులు, రేకులు, మట్టి మిద్దెల ఊళ్లలో రెవెన్యూ, మండల పరిషత్తు కార్యాలయాలకు కాంక్రీటు స్లాబులు లేచాయి, బడులు, దవాఖానాలూ అదే దారి పట్టాయి. పాలనను జనం దగ్గరికి తేవడానికి చేసిన ఆ మార్పు, తలపెట్టకుండానే, ఎండను పట్టే జాగానూ సిద్ధం చేసింది.

ఒక కిలోవాటుకు సుమారు వంద చదరపు అడుగుల నీడలేని జాగా కావాలి. దానిమీద మన ప్రాంతంలో ఏడాదికి 1,400 యూనిట్ల దాకా వస్తుంది. కాగితం మీద వెయ్యి చదరపు అడుగుల స్లాబు అంటే 10 కిలోవాట్లు, 14,000 యూనిట్లు. నిచ్చెన వేసుకుని పైకెక్కి చూస్తే లెక్క మారిపోతుంది. మెట్లగది ఒక మూల, నీళ్ల ట్యాంకు ఇంకో మూల, ప్రహరీ పక్కన ఏపుగా పెరిగిన వేపచెట్టు. వరుసగా కలిపిన సౌర పలకల్లో ఒక్కదానిమీద ట్యాంకు నీడ పడినా ఆ వరుస మొత్తం దిగుబడి తగ్గుతుంది. దానికి తోడు 1980ల నాటి స్లాబుల్లో కొన్ని వానకు కారుతుంటాయి. పాతికేళ్లు పనిచేయాల్సిన పలకలను అలాంటి కప్పుమీద బిగించి, మూడేళ్లకే మరమ్మతు కోసం విప్పడం దండగ. అందుకే ముందు స్లాబు పరీక్ష, ఆ తర్వాతే వైశాల్యం.

ఇంత చిన్న కప్పులతో ఏం ఒరుగుతుంది, ఎక్కడో బీడు భూముల్లో పెద్ద ప్లాంటే చవక కదా అని అడిగేవాళ్లున్నారు. యూనిట్ ధర వరకే చూస్తే వాళ్ల మాట నిజమే. కానీ ఆఫీసులు, బడులు కరెంటు వాడేది పగటిపూటే. పుట్టినచోటే ఖర్చయితే తీగల నష్టం ఉండదు, కొత్తగా భూమీ అక్కర్లేదు. ఎండ మండిపోయే మే నెలలో బడికి సెలవులు, అప్పటి కరెంటు వృథా కదా అన్నది ఇంకాస్త గట్టి ప్రశ్న. దానికి జవాబు నెట్ మీటరింగ్. తెలంగాణ 2015 సౌర విధానంలోనే దానికి చోటిచ్చింది. మిగిలిన యూనిట్లు గ్రిడ్డుకు పోతాయి, బిల్లులో జమవుతాయి.

వీధుల్లో పెట్టిన సోలార్ దీపాలు ఆరిపోయాయి, ఇవీ అంతేనన్న అనుమానమూ ఉంది. ఆ దీపాల్లో ముందుగా పోయేది చాలావరకు బ్యాటరీయే, గ్రిడ్డుకు కలిపే పలకలకు అది అక్కర్లేదు. అయితే దీనికో చిక్కుంది, దాన్ని దాచకూడదు. లైన్‌మన్ ప్రాణానికి ముప్పు రాకుండా, కరెంటు పోగానే ఇన్వర్టరూ ఆగిపోయేలా చేస్తారు. అంటే నడిఎండలో కూడా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకాల ఫ్రిజ్ ఆగుతుంది. అక్కడ మాత్రం బ్యాటరీ పెట్టి తీరాలి, దాన్ని మార్చే ఖర్చు మొదటి అంచనాలోనే రాయాలి.