ఆస్ట్రేలియా గ్రంథకర్తల యశస్సును జీవికయు

కావ్యప్రయోజనములను గణించుచు మమ్మటాచార్యుఁడు యశస్సును మొదటను, అర్థమును దానివెంటను జెప్పెను. ఈ రెండును ఒక్క కవియందే, ఒక్క కాలముననే కూడియుండునా యను ప్రశ్నము నాతఁడు చర్చింపలేదు. రాజాశ్రయము గల దేశములం దా ప్రశ్నము పుట్టుట యరుదు. కృతిభర్త యిచ్చిన యగ్రహారమే యర్థము. సభలోఁ బొందిన సమ్మానమే యశస్సు. రాజును, అగ్రహారమును, సభయు లేని క్రొత్తనాఁట సాహిత్యము పుట్టినచో దాని పోషణ మెవ్వరి పాలఁ బడును? 1788వ సంవత్సరమున ఖైదీల వలసగా సిడ్నీరేవున మొదలైన ఆస్ట్రేలియాలోని యాంగ్లసమాజము నూఱేండ్లు నిండునప్పటికిఁ దన సొంత కవులను గనెను. కాని గ్రంథవిక్రయమునకుఁ బెద్దయంగడియు, గుణదోషములు నిర్ణయించు విమర్శకులును సముద్రమార్గమునఁ బండ్రెండువేల మైళ్లకు ఆవల లండనుననే నిలిచిరి. అచ్చటి గ్రంథకర్తల సుఖదుఃఖములన్నియు నీ దూరముతో ముడిపడియున్నవి.

ఇందుఁ బూర్వపక్ష మొకటి కలదు. ఆ దేశపు కవులలోఁ గొందఱు ఋణగ్రస్తులై, కొంద ఱకాలమృతులై పోవుటకు వారి దుర్వ్యసనములే, ముఖ్యముగాఁ బానదోషమే, హేతువని లోకమునఁ జెప్పుదురు. హెన్రీ లాసను పేరు వచ్చినప్పుడెల్ల నీ మాట వినఁబడును. దీనిని బరీక్షింపవలసి యున్నది.

లాసనునకు ముందుతరమువాఁడు ఆడం లిండ్సే గోర్డను. గుఱ్ఱపుస్వారియందుఁ బేరెన్నికగన్న సాహసి. అతని 'బుష్ బాలడ్సు అండ్ గ్యాలపింగ్ రైమ్సు' అను పద్యసంపుటము 1870 జూన్ 23న మెల్బోర్నున వెలువడెను. ముద్రణవ్యయము కవియే భరింపవలసినది. స్కాట్లండునుండి వచ్చునని నమ్మియుండిన వంశపుటాస్తి యప్పటికే చేజాఱెను. ఆ సమయముననే హెన్రీ కెండలు అను తోడికవి తాను వ్రాసిన ప్రశంసాపూర్ణమగు విమర్శనము అచ్చు ప్రూఫును గోర్డనునకుఁ జూపెను. ప్రశంస చేతికి వచ్చినది. ముద్రాపకుని ఋణము తీర్చు ధనము రాలేదు. మఱునాఁటి యుదయమున గోర్డను బ్రైటను సముద్రతీరపుఁ బొదలలోఁ దుపాకితోఁ బ్రాణములు విడిచెను. 1934లో లండనునందలి వెస్ట్‌మినిస్టరు ఆలయమునఁ గవులమూల నతని ప్రతిమ నిలుపఁబడినది.

ఆ కెండలు దశయు మేలుగ నుండలేదు. 1881లో హెన్రీ పార్క్సు ప్రభుత్వ మతనికి అరణ్యపరీక్షకుని యుద్యోగ మిచ్చెను. వేతనము మంచిదే. కాని యా పనిలో గుఱ్ఱముపై దూరప్రయాణములు చేయఁగా క్షయరోగము ముదిరి, మఱుసటి యేఁటనే నలువదిమూఁడేండ్ల ప్రాయమున మృతినొందెను. 'హిజ్ నాచురల్ లైఫ్' అను ఖైదీల నవలను 1870 మొదలు 1872 వఱకు మాసపత్త్రికలోఁ బ్రకటించిన మార్కసు క్లార్కు గ్రంథాలయోద్యోగముచేఁ బొట్టపోసికొనుచు, రెండుమాఱులు దివాలా తీసి, 1881లో ముప్పదియైదేండ్లకే గతించెను. ఈ మువ్వుర శీలములు వేర్వేఱు. ఋణము మాత్ర మొక్కటియే.

హెన్రీ లాసను 1867 జూన్ 17న న్యూ సౌత్ వేల్సులోని గ్రెన్‌ఫెల్ బంగారుగనుల పాళెమున జన్మించెను. తండ్రి నార్వేదేశపు నావికుఁడు. తొమ్మిదవయేఁట మొదలైన చెవిరోగము పదునాలుగేండ్లు వచ్చునప్పటి కతనిని దాదాపు బధిరునిఁ జేసెను. బడిచదువు స్వల్పము. తండ్రియొద్దఁ గట్టడపుఁబనియు, ఇండ్లకు రంగువేయుటయు నేర్చెను. చెవులు వినరానివాఁడు పల్లెజనుల పలుకుబడిని యథాతథముగఁ గాగితమునకు ఎక్కించుట యాశ్చర్యకరము. తల్లి లూయిసా సామాన్యురాలు గాదు. 1888లో 'డాన్' అను స్త్రీల పత్త్రికను స్థాపించి 1905 వఱకు నడపి, అక్షరములు కూర్చు పనికిఁ గూడ స్త్రీలనే నియమించిన ధీరురాలు. కుమారుని మొదటి గ్రంథము 1894లో నామె ముద్రాలయముననే యచ్చుపడినది.

లాసనునకు నిజమైన యాశ్రయము 'బులెటిను' అను వారపత్త్రిక. జె. ఎఫ్. ఆర్చిబాల్డు, జాన్ హేన్సు అనువారు 1880లో సిడ్నీయం దారంభించిన యీ పత్త్రికను గొఱ్ఱెల యున్ని కత్తిరించు కూలివాండ్రు తమ కొట్టములలోను, గనిపనివారు తమ గుడారములలోను జదివెడివారు. పాఠకులే యందు లేఖకులు. ఏ మాఱుమూలనుండి యెవ్వఁడు పంపినను బాగుగనున్నచోఁ బ్రకటింతురు. అందలి భాష శిష్టవ్యాకరణమున కలవడిన చెవులకు గ్రామ్యముగఁ దోఁపవచ్చును. కాని పరదేశపుఁ బలుకును విడిచి తమ నోటిమాటను గ్రంథస్థము చేసికొనిన జనులకు నది యొక మహోత్సవము. ఆ దేశపు గ్రంథకర్తకు లభించిన ఫలములలో నిదియే ప్రథమము. తాను వ్రాసిన పద్యమును, అక్షరజ్ఞానము స్వల్పముగఁ గల కూలివాఁడు కంఠస్థముచేసి మంటచుట్టును గూర్చున్న తోడివారికి వినిపించుట యే రాజసభకుఁ దీసిపోవును?

1887 అక్టోబరు 1న లాసను తొలిపద్యము బులెటినులోఁ బ్రకటితమైనది. 1892 జూలైలో 'డ్రోవర్స్ వైఫ్' అను కథ వచ్చెను. మందలను దూరదేశములకుఁ దోలుకొని పోయిన భర్త నెలలతరబడి రాకుండఁగా, ఇంటి నేలక్రింద దూఱిన పామునకై నలుగురు బిడ్డలను బల్లపైఁ బరుండఁబెట్టి, కుక్కను దోడుచేసికొని రాత్రియెల్లఁ గాచియుండిన తల్లి కథ యది. వర్ణనము లేదు, అలంకారము లేదు. ఒంటితనమే యందు రసము. ఆ యేఁటనే ఆర్చిబాల్డు లాసనునకు అయిదు పౌనులును, బర్కు పట్టణమునకు రైలుటిక్కెట్టును ఇచ్చి లోపలిసీమకుఁ బంపెను. తీవ్రమైన యెండలలో లాసను బర్కునుండి క్వీన్సులాండు సరిహద్దునందలి హంగర్‌ఫర్డు వఱకుఁ గాలినడకను బోయి తిరిగివచ్చెను. తరువాతి కథలలోఁ బెక్కింటి కీ నడకయే మూలధనము. అయిదు పౌనులకు సాహిత్యమునకు వచ్చిన వడ్డీ యింతింతయనరానిది; లాసనునకు వచ్చినది మాత్రము లెక్కకు అందును, ఏలయన పత్త్రిక యచ్చైన కొలతను బట్టి ధన మిచ్చెడిది.

ఈ కొలత కొక సాక్ష్యము గలదు. 1892లో బులెటినునందు లాసనునకును, బాంజో పేటర్సనునకును బద్యములలో వాదము చెలరేఁగెను. లోపలిసీమ యానందధామమని పేటర్సను, ఎండి మాఁడిన యెడారియని లాసను. పాఠకులు రెండుపక్షములుగఁ జీలి యుత్సాహముతోఁ జదివిరి. అది కవు లిద్దఱును ముందుగా మాటాడుకొనిన పోరు. అచ్చు కొలఁదిని ధనము వచ్చును గావున నొకరినొకరు ఖండించుకొనుచు వ్రాసిన లాభించునని లాసనే సూచించెనఁట. వృద్ధాప్యమునఁ బేటర్సనే యీ రహస్యమును వెల్లడించెను. అవధానసభలలోఁ బద్యముల నెంచుట యెఱిఁగినవారికిఁ బద్యమును గొలబద్దతోఁ గొలుచు నీ మర్యాద నవ్వు పుట్టింపవచ్చును. అయిన నిందు నవ్వునకు మించిన విషయ మున్నది. పేటర్సను న్యాయవాది. అతని పద్యసంపుటము 1895లో రాఁగా మొదటికూర్పు వారముదినములలోఁ జెల్లిపోయెను. ఐనను గవిత్వ మతనికి భుక్తి కాదు. ఒక్క పత్త్రిక, ఒక్క వాదము. ఒకనికి వినోదము, వేఱొకనికి గ్రాసము.

1896లో లాసను పద్యములును, 'వైల్ ది బిల్లీ బాయిల్సు' అను కథాసంపుటమును సిడ్నీయందలి ఆంగస్ అండ్ రాబర్ట్‌సన్ వారు ప్రకటించిరి. గ్రంథములు బాగుగ నమ్ముడుపోయినవి. హక్కులను స్వల్పధనమునకు విక్రయించుకొనిన కవికి నా యమ్మకమువలన నొరిగినది కొంచెమే. 1899లో బులెటినునందు లాసను తన రాఁబడులను బయలుపెట్టుచు నొక వ్యాసము వ్రాసి, ప్రతిభ గల యువకుఁ డెట్లయిన లండనునకో అమెరికాకో పాఱిపోవలెనని చేఁదుగ హితవు చెప్పెను. ఆ హితవును దానే పాటించెను. గవర్నరు బ్యూఛాంపు ప్రభువును, గ్రంథసంగ్రాహకుఁడు డేవిడ్ స్కాట్ మిచెల్లును, ప్రకాశకుఁడు రాబర్ట్‌సనును ద్రవ్యసాహాయ్యము చేయఁగా 1900లో భార్యాబిడ్డలతో లండనునకుఁ బోయెను. బ్లాక్‌వుడ్ వారు 1901లో 'జో విల్సన్ అండ్ హిజ్ మేట్సు'ను బ్రకటించిరి. అతని కథలలో నుత్తమము లందే యున్నవని పలువుర నిర్ణయము. కాని భార్యకు మనోవ్యాధి, పట్టణపు వ్యయము, తన పానదోషము కలిసి రెండేండ్లలోనే వెనుకకుఁ ద్రిప్పినవి.

1903లో భార్యాభర్తలు విడిపోయిరి. బిడ్డల పోషణకై న్యాయస్థానము విధించిన సొమ్ము చెల్లింపకపోవుటచేతను, మద్యపానముచేతను లాసను 1905 మొదలు కొన్నియేఁడులు డార్లింగ్‌హర్స్టు చెఱసాలకుఁ బలుమాఱు పోయెను. అచ్చటి తన సంఖ్య 103నే పేరుగాఁ బెట్టి యొక పద్యమును వ్రాసెను. శ్రీనాథుని కడపటిదినములఁ గూర్చి తెలుఁగునాఁటఁ జెప్పుకొను కథ యిచ్చట జ్ఞప్తికి రాకపోదు. అయినను లాసను నిరపరాధి యనరాదు. ఇద్దఱు బిడ్డల తల్లి కష్టము భర్త పద్యములచేఁ దీఱునది గాదు. తుదివఱకు నతనికి నీడయిచ్చినది ఇసబెల్ బైయర్సు అను నొక పేదరాలు. 1920లో ప్రభుత్వనిధినుండి వారమున కొక పౌను చొప్పున భరణ మేర్పడెను. 1922 సెప్టెంబరు 2న లాసను మరణింపఁగా రాజలాంఛనములతో నంత్యక్రియలు జరిగినవి; ప్రధానమంత్రి హ్యూసు హాజరయ్యెను. 1966లో వెలువడిన పదిడాలర్ల నోటుపై నతని ముఖము ముద్రింపఁబడి 1993 వఱకు నిలిచెను.

పానదోషమే సర్వమునకు మూలమనువారు స్టెల్లా మైల్సు ఫ్రాంక్లిను కథ నేమందురు? ఈమె తన యిరువదవయేఁటికే 'మై బ్రిలియంట్ కెరియర్' అను నవలను ముగించెను. సిడ్నీప్రకాశకులు నిరాకరింపఁగా, లాసను దానిని లండనునకుఁ గొనిపోయి పీఠిక వ్రాసి 1901లో బ్లాక్‌వుడ్ వారిచే వెలువరింపఁజేసెను. కర్త్రి స్త్రీయని తెలియరాదని యామె కోరఁగా, పీఠిక యా గుట్టును మొదటనే విప్పినది. ఉపకారియు నొక్కొకప్పు డిట్లు చేయును. లండనునఁ బుట్టిన గ్రంథము ఆస్ట్రేలియాకు వలసకూర్పుగా వచ్చుటచే, తన దేశమున నమ్ముడుపోయిన ప్రతులకుఁ గర్త్రికిఁ దక్కు భాగము తక్కువ. 1906లో నామె అమెరికాకుఁ బోయి చికాగోలో శ్రామికస్త్రీల సంఘమునఁ బనిచేసి, పిమ్మట లండనున వసించి, 1932లోఁ గాని స్థిరముగఁ దిరిగిరాలేదు. హెన్రీ హాండెల్ రిచర్డ్‌సన్ అను పురుషనామముతో వ్రాసిన వేఱొక విదుషి మెల్బోర్నునఁ బుట్టియు జీవితములో నధికభాగము విదేశములందే గడపెను. ఆమె మహానవల మూఁడవభాగము 1929లో భర్త వ్యయముతో నచ్చుపడి, అటుపిమ్మట విఖ్యాతి గాంచినది.

స్వతంత్రుఁడు కర్త, అతనిని బ్రేరేపించువాఁడు హేతువు. పాణిని యా ప్రయోజకునకు హేతుసంజ్ఞతోఁ బాటు కర్తృసంజ్ఞయు నిచ్చెను. లాసను పతనమున మద్యము కర్తయైనను, వెనుకనుండి ప్రేరేపించినది కొలతకూలియు, దూరపుటంగడియు. కావున రెండింటికిని గర్తృత్వ మొప్పుకొనవలెను. మద్యము నెడఁబాసిన ఫ్రాంక్లిను, రిచర్డ్‌సనుల చరిత్రమునందు హేతువు మిగిలియే యున్నది.

ఇంతవఱకుఁ జెప్పినది వలసవచ్చినవారి మాట. వేలకొలఁది సంవత్సరములుగా నా నేలనే కథలు చెప్పుకొనుచున్న మూలజనుల గ్రంథకర్తృత్వ మింకను దుర్ఘటము. నారింజెరి జాతివాఁడగు డేవిడ్ యునైపన్ 1872లో దక్షిణ ఆస్ట్రేలియాయందలి పాయింట్ మెక్‌లే ధర్మసంస్థలోఁ బుట్టెను. ధర్మోపదేశకుఁడు, యంత్రకల్పకుఁడు. మూలజనుల పురాణగాథలను సంపుటీకరించి వ్రాసి 1920 ప్రాంతముల ప్రకాశకులకు విక్రయించెను. వా రా వ్రాఁతప్రతిని విలియం రామ్‌సే స్మిత్ అను వైద్యుని కిచ్చిరి. 1930లో నది స్మిత్ పేరుతోనే లండనున వెలువడెను. యునైపన్ పేరు లోపలనైన లేదు. అర్థము కొంత లభించినను యశస్సు సమూలముగ నపహృతమైన యీ చౌర్యము డెబ్బదియేండ్లు నిలిచినది. 1967లో యునైపన్ మరణించెను. 1995 మొదలుగా నతని ముఖము ఏఁబదిడాలర్ల నోటుపై నున్నది. గ్రంథము మాత్రము 2001లోఁ గాని యతని పేరుతో నచ్చుగాలేదు.

రాజు లేని చోటఁ బోషణ మెవ్వరిదను మొదటిప్రశ్నమునకుఁ బ్రభుత్వ మిచ్చిన సమాధానము 1908లో నేర్పడిన సాహిత్యనిధి. మొదట నది వృద్ధులును, దరిద్రులును నగు కవులకును, వారి వితంతువులకును భరణ మిచ్చుటకు మాత్రమే. 1939లో విస్తరించి, గ్రంథరచన సాగించువారికి వేతనములిచ్చుటకు మొదలుపెట్టినది. ధనముతోఁ బాటు ప్రశ్నలును వచ్చినవి; 1952లో నీ నిధి సామ్యవాదులకు సాయపడుచున్నదని పార్లమెంటున గొప్ప రగడ జరిగెను. 1973లో సాహిత్యమండలి దాని స్థానమునకు వచ్చినది. గ్రంథాలయములం దుంచిన ప్రతులకై కర్తకుఁ బరిహార మిచ్చు పద్ధతియు నా దశకముననే మొదలైనది.

కాని యధికముగఁ జెప్పుకొనఁదగిన పోషణము కవులే కవులకుఁ జేసినది. ఫ్రాంక్లిను 1954లో మృతినొందెను. పిసినిగొట్టువలె బ్రదికిన యామె తన యాస్తిని ఏఁటేఁట నొక నవలకు బహుమానముగా నీయవలెనని మరణశాసనము వ్రాసెనని తెలిసి మిత్రు లచ్చెరువందిరి. 1957లో మొదటి బహుమానము పాట్రిక్ వైటు రచించిన 'వాస్' అను నవలకు వచ్చెను. వైటు గొఱ్ఱెలమందల సంపన్నకుటుంబమువాఁడు. కవిత్వముచే బ్రదుకవలసిన యక్కఱ లేనివాఁడు. 1973లో నోబెలు బహుమాన మతనికి రాఁగా, తాను స్టాక్‌హోమునకుఁ బోక చిత్రకారుఁడు సిడ్నీ నోలనును బంపి, ఆ ధనముతో నొక నిధిని స్థాపించెను. చిరకాలము వ్రాసియుఁ దగిన గుర్తింపు పొందని గ్రంథకర్తల కది యీయవలసినది.

క్రిస్టినా స్టెడ్ 1928లో సిడ్నీని విడిచిపోయిన కథకురాలు. తన బాల్యగృహమును జిత్రించిన 'ది మాన్ హూ లవ్‌డ్ చిల్డ్రన్' అను నవలను 1940లో అమెరికాలోఁ బ్రకటించునప్పుడు, అచ్చటి పాఠకులకై సిడ్నీరేవును మార్చి వాషింగ్టను ప్రాంతముగఁ జేయవలసివచ్చెను. 1967లో నొక గొప్ప పురస్కారమునకు విద్వాంసు లామెను నిర్ణయింపఁగా, చిరకాలము పరదేశమున నుండుటచే నామె ఆస్ట్రేలియావాసిని గాదని పైవారు త్రోసివేసిరి. 1974లో నామె సిడ్నీకిఁ దిరిగివచ్చెను. వైటు నిధినుండి తొలిపారితోషిక మా యేఁడే యామెకు లభించినది. అప్పటి కామె వయస్సు డెబ్బదిరెండేండ్లు.