పదవీ విరమణ మొత్తాలపై ఆదాయపు పన్ను

పదవీ విరమణ మొత్తాలపై ఆదాయపు పన్ను అనగా ఉద్యోగి విరమణ సమయంలో ఏకమొత్తంగా పొందే గ్రాట్యుటీ, పెన్షన్ కమ్యుటేషన్, ఆర్జిత సెలవుల నగదు, భవిష్య నిధి (పి.ఎఫ్.) వంటి సొమ్ముకు భారతదేశంలో వర్తించే పన్ను విధానం. ఈ సొమ్ములో అధిక భాగానికి మినహాయింపు ఉన్నది. ఆ మినహాయింపు యజమాని ఎవరు, సొమ్ము ఏ పేరున వచ్చింది, సర్వీసు ఎంతకాలం అనే మూడు అంశాలపై ఆధారపడి ఉంటుంది. కాబట్టి ఒకే ఊరిలో ఒకే సంవత్సరం విరమణ చేసిన ఇద్దరికి సమానమైన సొమ్ము వచ్చినా పన్ను సమానంగా ఉండకపోవచ్చు.

చట్టం

ఈ మినహాయింపులు 1961 ఆదాయపు పన్ను చట్టం 10వ సెక్షన్‌లో ఉండేవి. ఆ చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా వచ్చిన 2025 ఆదాయపు పన్ను చట్టంలోనూ ఇవి కొనసాగాయి.

ప్రభుత్వోద్యోగులు

కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వోద్యోగులు విరమణ సమయంలో పొందే గ్రాట్యుటీ, కమ్యుటేషన్, సెలవుల నగదు మూడింటికీ పూర్తి మినహాయింపు ఉన్నది. స్థానిక సంస్థల ఉద్యోగులకు మొదటి రెండింటికి, చట్టబద్ధ కార్పొరేషన్ల ఉద్యోగులకు కమ్యుటేషన్‌కు మాత్రమే పూర్తి మినహాయింపు లభిస్తుంది.

తెలంగాణలో పాత పెన్షన్ విధానంలోని ఉద్యోగి తన పెన్షన్‌లో 40 శాతం వరకు కమ్యూట్ చేయవచ్చు. తగ్గిన భాగం 15 సంవత్సరాల తరువాత పునరుద్ధరింపబడుతుంది. నెలనెలా వచ్చే పెన్షన్ మాత్రం జీతం పద్దు కింద పన్ను పరిధిలోకి వస్తుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుండి నియమితులైనవారు కంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం (సి.పి.ఎస్.) కిందికి వచ్చారు. వీరి జమ జాతీయ పెన్షన్ వ్యవస్థలో ఉంటుంది. విరమణ సమయంలో తీసుకొనే 60 శాతానికి పన్ను లేదు. మిగిలిన దానితో కొనే యాన్యుటీ ద్వారా వచ్చే నెలసరి ఆదాయంపై పన్ను ఉంటుంది.

ప్రైవేటు ఉద్యోగులు

వీరికి గ్రాట్యుటీపై మినహాయింపు గరిష్ఠంగా రూ.20 లక్షలు (2018 మార్చి 29 నుండి), సెలవుల నగదుపై రూ.25 లక్షలు (2023 ఏప్రిల్ 1 నుండి, అంతకు ముందు రూ.3 లక్షలు). గ్రాట్యుటీ పొందినవారికి పూర్తి పెన్షన్ కమ్యుటేషన్ విలువలో మూడవ వంతు, పొందనివారికి సగం మినహాయింపు.

ఉదాహరణకు, గ్రాట్యుటీ పొందిన ప్రైవేటు ఉద్యోగి 40 శాతం పెన్షన్‌ను కమ్యూట్ చేసి రూ.4,00,000 పొందితే, పూర్తి పెన్షన్ విలువ రూ.10,00,000. అందులో మూడవ వంతు రూ.3,33,333. మిగిలిన రూ.66,667 ఆదాయంలో కలుస్తుంది. ఇదే మొత్తం పొందిన ప్రభుత్వ ఉపాధ్యాయునికి పన్ను లేదు. 1995 నాటి ఉద్యోగుల పెన్షన్ పథకంలో 2008 సెప్టెంబరు 26 నుండి కమ్యుటేషన్ సౌకర్యం తొలగించబడింది.

భవిష్య నిధి, ఐదేళ్ళ నియమం

గుర్తింపు పొందిన భవిష్య నిధి సొమ్ముకు ఐదేళ్ళ నిరంతర సర్వీసు ఉంటేనే పూర్తి మినహాయింపు. అంతకు ముందే రూ.50,000 లేదా అంతకు మించి తీసుకుంటే సాధారణంగా 10 శాతం పన్ను మూలం వద్దనే కోత విధిస్తారు. అనారోగ్యం వలన గాని, సంస్థ మూతపడి గాని ఉద్యోగం పోయినవారికి ఈ నియమం వర్తించదు.

జనగామ జిల్లా కొడకండ్ల వంటి నేత ప్రాంతాల నుండి సూరత్, భివండీ మరమగ్గాల కేంద్రాలకు వెళ్ళి, భవిష్య నిధి ఉన్న సంస్థలు మారే కార్మికులకు ఇది ముఖ్యమైన విషయం. మారిన ప్రతిసారీ సొమ్ము తీసుకొన్నవారికి సర్వీసు మొదటి నుండి లెక్కింపబడుతుంది. పాత ఖాతాను కొత్త ఖాతాకు బదిలీ చేసుకొంటే వెనుకటి సర్వీసు కూడా కలుస్తుంది.

విరమణ తరువాత

మినహాయింపు చేతికి వచ్చిన మొత్తానికే పరిమితం. దానిని బ్యాంకులో డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీ ప్రతి సంవత్సరం ఆదాయంలో కలుస్తుంది. పన్ను పడిన గ్రాట్యుటీ, కమ్యుటేషన్ మొత్తాలపై నిబంధనలకు లోబడి ఉపశమనం కోరవచ్చు.