విధి

విధి అంటే మనిషికి జరగబోయేది ముందే నిర్ణయమై ఉందనే భావన. ఈ మాట సంస్కృతం నుంచి వచ్చిన తత్సమం. దీనికి ఆజ్ఞ, కర్తవ్యం, బ్రహ్మ అనే అర్థాలూ ఉన్నాయి. ‘విధి వక్రించింది’ అన్నప్పుడు ఒక అర్థం, ‘విధుల్లో చేరారు’ అన్నప్పుడు మరో అర్థం వస్తాయి.

వ్యుత్పత్తి

‘ధా’ ధాతువుకు ‘వి’ ఉపసర్గ చేరితే ఏర్పరచడం, నియమించడం అనే అర్థం వస్తుంది. విధానం, విధేయుడు, విధించడం ఈ కుదురులోవే. చేయవలసిన కర్మను చెప్పే వేదవాక్యాన్ని మీమాంసకులు విధి అన్నారు, కూడదని చెప్పేదాన్ని నిషేధం అన్నారు. సృష్టిని ఏర్పరచేవాడు కనుక బ్రహ్మకు విధి, విధాత అనే పేర్లున్నాయి.

సమీప పదాలు

తలరాత, నొసటి రాత: పుట్టిన బిడ్డ నుదుట బ్రహ్మ రాస్తాడనే నమ్మకం వీటికి మూలం. తమిళంలో తలైయెళుత్తు, కన్నడంలో హణెబరహ ఇలాంటివే.

అదృష్టం: కంటికి కనబడనిది. వైశేషిక దర్శనంలో ఇది కర్మఫలాన్ని కలిగించే కనిపించని శక్తి. అది మేలుకూ కీడుకూ కారణం కావచ్చు. వాడుక తెలుగులో మాత్రం మంచి జరిగినప్పుడే అదృష్టం అంటారు.

ప్రారబ్ధం: మొదలైనది. కూడబెట్టిన సంచిత కర్మలో ఫలమివ్వడం ఆరంభించిన భాగం. తెలుగువారు ఎక్కువగా కష్టం వచ్చినప్పుడే ఈ మాట అంటారు.

భాగ్యం: ‘భజ్’ ధాతువు నుంచి వచ్చింది. అసలు అర్థం వంతు. గ్రీకుల మోయిరా, అరబ్బీ నుంచి ఉర్దూకు వచ్చిన కిస్మత్ కూడా వంతు అనే అర్థం నుంచే ఎదిగాయి. ఇంగ్లీషు ‘ఫేట్’కు మూలమైన లాటిన్ ‘ఫాటుమ్’కు పలికినది అని అర్థం.

విధి, పురుషకారం

బుద్ధుడి కాలంనాటి ఆజీవక మత గురువు మక్ఖలి గోసాలుడు అంతా నియతి ప్రకారమే జరుగుతుందనీ, ప్రయత్నంతో మారేది ఏమీ లేదనీ బోధించాడు. బౌద్ధులు, జైనులు ఈ వాదాన్ని గట్టిగా ఖండించారు. ఒంటి చక్రంతో రథం కదలనట్లే పురుషకారం (మానవ ప్రయత్నం) లేకుండా దైవం (విధి) ఫలించదని యాజ్ఞవల్క్య స్మృతి చెబుతుంది. భగవద్గీత 18వ అధ్యాయం కార్యసిద్ధికి ఐదు కారణాలు చెప్పి, దైవాన్ని అయిదోదిగా లెక్కించింది. మునుపు చేసిన పురుష ప్రయత్నానికే దైవమని పేరు అంటుంది యోగవాసిష్ఠం. కాబట్టి చేతులు ముడుచుకుని కూర్చోవడానికి విధిని సాకుగా చూపడం ఈ గ్రంథాలకు సమ్మతం కాదు.