వెలికి ముందు ప్రశ్న: యౌవనస్థుల మద్యపానము, మన సంఘముల చరిత్ర

క్లౌ దొరగారు ఒంగోలు ప్రాంతపు క్రొత్త విశ్వాసుల ముందుంచిన కట్టడలు మూడే: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. త్రాగుడు వాటిలో లేదు. అదే అమెరికన్ బాప్టిస్టు మిషను 1890లో నల్గొండకు, తరువాత సూర్యాపేటకు వచ్చినది. కాలక్రమములో త్రాగుడు కూడ కట్టడలలో చేరి, త్రాగినవానిని ప్రభువు బల్లకు దూరముంచుట సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంత సంఘములలో వాడుక అయినది.

కట్టడ తరువాత చట్టము వచ్చినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన పోరాటము వలన 1993 అక్టోబరు 1న సారా నిషేధము, 1995లో సంపూర్ణ మద్యనిషేధము అమలైనవి. 1997లో రెండవది సడలిపోయినది. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు రహదారులకు 500 మీటర్ల లోపల మద్యము అమ్మరాదన్నది. హైదరాబాదు–విజయవాడ రహదారి మీదనున్న సూర్యాపేట, కోదాడలకు అది పెద్ద వార్తయే. కాని 2017 జూలైలో మునిసిపాలిటీల లోపల అది అడ్డు కాదని అదే న్యాయస్థానము వివరించినది. ఆ స్త్రీల సాహసమును మేము తక్కువ చేయుట లేదు. అయితే అంగడి మూసినను తెరచినను, ఇంటర్ చదివే కుర్రవానిని కూర్చుండబెట్టి “నీవు ఎంత త్రాగుచున్నావు?” అని అడిగినవారెవరు?

అడుగుటకు కూడ ఒక చరిత్ర ఉన్నది. 1977లో లండనులో ఎడ్వర్డ్స్, ఆర్ఫర్డ్ అను పరిశోధకులు త్రాగుడుకు లోనైన వంద మంది వివాహితులను రెండు గుంపులు చేసిరి. ఒక గుంపుకు పూర్తి చికిత్స, రెండవదానికి భార్య సమక్షములో ఒక్కసారి సలహా. ఏడాది తరువాత ఇరువురి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 1989లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పది ప్రశ్నల ‘ఆడిట్’ పట్టిక తెచ్చినది. ఎనిమిది మార్కులకు చేరకముందే మాటలాడవచ్చును, చేరితే తప్పక మాటలాడవలెను. 1999లో బోస్టనులో జాన్ నైట్ బృందము కౌమారుల కొరకు ఆరు ప్రశ్నల ‘క్రాఫ్ట్’ రూపొందించినది. (సామెతలు 23:29లోను ప్రశ్నలు ఆరే!) మొదటి ప్రశ్న మత్తులో నడిపిన కారు గురించి, మన కుర్రవాండ్లకు బైకు అని అడుగవలసి యుండును. పిల్లల విషయములో ఈ పద్ధతికి ఆధారము ఇంకను చాలదని 2018లో అమెరికా నిపుణుల బృందము చెప్పిన మాటను కూడ దాచరాదు.

మన చిక్కు వేరు. అడుగువాడే శిక్షించువాడైతే ఏ పిల్లవాడు నిజము చెప్పును? జవాబు సంఘ కమిటీ పుస్తకమునకు ఎక్కునని తెలిసిన యౌవనస్థుడు “అలవాటు లేదండి అయ్యగారూ” అనియే అనును. కావున ప్రశ్నించు బాధ్యత సంఘములోని నర్సుకో, రిటైరైన టీచరుకో అప్పగించి, ఆ జవాబును క్రమశిక్షణకు వాడబోమని కమిటీ ముందుగానే తీర్మానించవలెనని మా అభిప్రాయము. పెద్దలు కొందరు ఇది పాపమును కప్పిపుచ్చుట అందురు. 2019 జాతీయ సర్వే ప్రకారము త్రాగుడుకు బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుచున్నది. మిగిలినవారిని కప్పియుంచినది మౌనమే గదా.

మరియొక సంగతి. బానిసయైన వానిని ఉపవాస ప్రార్థనలో కూర్చుండబెట్టి ఒక్కసారిగా మానిపించుట ప్రాణాపాయము. 2015లో నిజామాబాదు, మెదక్ జిల్లాలలో అల్ప్రజోలము వంటి మందులు కలిపిన కల్లు హఠాత్తుగా ఆగినప్పుడు అనేకులు మూర్ఛలతోను మతిభ్రమతోను ఆసుపత్రులు చేరిరి. చేతులు వణకుచున్నవాడు మొదట వైద్యుని యొద్దకు పోవలెను. సూర్యాపేటలో 2019 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది. 14446 నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును.