వేళ్ల సందుల్లో పొక్కులా? ఇంటిల్లిపాదికీ మందు అవసరం!

తిరుపతి: చేతివేళ్ల సందుల్లో ఆవగింజంత పొక్కులు. పగలు అంతంతమాత్రంగా ఉండి, రాత్రి పడక చేరగానే విజృంభించే నవ. కొన్ని వారాలకు పక్కన పడుకునే పిల్లలకు, ఆపై ఇంటిల్లిపాదికీ అదే బాధ. గజ్జి, చిడుము అని పల్లెల్లో పిలిచే 'స్కేబీస్‌' లక్షణాలివి. చికిత్స తేలికైనదే. ఒక్కరికే మందు పూసి తక్కినవారిని వదిలేయడం వల్లనే ఇది నెలల తరబడి ఇళ్లలో తిష్ఠ వేస్తుంది.

దీనికి కారణం ఎనిమిది కాళ్ల సూక్ష్మమైన పురుగు. పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆడపురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. సాధారణంగా ఒక రోగి ఒంటిపై ఉండేవి 10 నుంచి 15 పురుగులే. దురదంతా వాటి గుడ్లు, విసర్జితాలు శరీరానికి పడకపోవడం వల్ల కలిగేది. మొదటిసారి సోకినప్పుడు 4 నుంచి 6 వారాల దాకా దురదే తెలియదు. ఆలోగా అది ఇతరులకు పాకుతుంది. శుభ్రత లేనివారికే వస్తుందన్నది అపోహ. ఒకే పడకపై నిద్రించే కుటుంబాల్లో, వసతిగృహాల్లో ఎవరికైనా రావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీనిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది.

చేతులపై పొక్కులన్నీ గజ్జి కావు. తోతాపురి కోతల కాలంలో మామిడి సొన తగిలిన కూలీల చేతులు బొబ్బలెక్కుతాయి. సిమెంటు, బట్టల సబ్బు, పొలం గట్లపై పెరిగే వయ్యారిభామ కూడా దురద పుట్టిస్తాయి. ఇవి ఇతరులకు అంటవు. గజ్జి పొక్కులు వేళ్ల సందులతోపాటు మణికట్టు, చంకలు, బొడ్డు చుట్టూ, మర్మావయవాలపైనా కనిపిస్తాయి. అనుమానమున్న చోట సిరా రాసి స్పిరిట్‌తో తుడిస్తే, సొరంగంలోకి ఇంకిన సిరా సన్నని వంకర గీతగా మిగిలిపోతుంది. ఇది వైద్యులెరిగిన పాత పరీక్ష.

చికిత్స ఇలా..

5 శాతం పెర్మెత్రిన్‌ క్రీమును రాత్రివేళ మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద సైతం పూసి, 8 నుంచి 12 గంటల తర్వాత స్నానం చేయాలి. పొక్కులున్న చోట మాత్రమే పూస్తే ప్రయోజనం లేదు. వారం తర్వాత మరోసారి పూయాలి. దురద లేకున్నా ఇంట్లో అందరూ ఒకే రాత్రి పూసుకోవాలి. పసిపిల్లలకు, గర్భిణులకు వైద్యుడి సలహా తప్పనిసరి. ఐవర్‌మెక్టిన్‌ మాత్రలు గర్భిణులకు, 15 కిలోల లోపు పిల్లలకు ఇవ్వరు. మరునాడు దుస్తులు, దుప్పట్లు వేడినీటిలో ఉతికి ఎండవేయాలి. ఉతకలేనివాటిని సంచిలో మూటకట్టి వారం పక్కన పెడితే పురుగులు చనిపోతాయి.

మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్‌ కలిసిన పూతమందులతోనే అసలు చిక్కు. నవ రెండు రోజులు తగ్గినట్లే ఉంటుంది. పురుగు మాత్రం చావదు, పొక్కుల రూపు మారి వైద్యుడు సైతం గుర్తించడం కష్టమవుతుంది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్‌ పూతమందులను వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మాలని ఆదేశించింది.

పురుగులు చనిపోయాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉండవచ్చు. అందుకని మందును పదేపదే పూయరాదు. ఆ తర్వాతా కొత్త పొక్కులు వస్తుంటే తిరుపతి రుయా ఆసుపత్రిలోని చర్మవ్యాధుల విభాగంలో గానీ, దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ చూపించుకోవాలి. గోకిన చోట చీము పట్టిన పిల్లల్లో ముఖం ఉబ్బినా, మూత్రం ఎర్రబడినా మూత్రపిండాలకు హాని జరుగుతున్నట్లు అనుమానించి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.